సుబ్బక్క ముక్కుగుడ్డ

ఏమప్పా, పట్టపగలే పక్కోడి చెప్పులు తొడుక్కొని పోయే మొనగాడా! రెండు కండ్లుండాయని శానా మురిసిపోవద్దు. ఇట్లా కూర్చో, సుబ్బక్క సంగతి విను.

పావగడ దగ్గరి వల్లూరు పక్కన, ఎల్‌కేజీ నుంచి టెన్త్ దాకా ఆరే గదుల్లో నడిచే చిన్న క్రిస్టియన్ స్కూల్లో సుబ్బక్క ఆయా. పొద్దున ప్రేయర్‌లో అందరూ కళ్లు మూసుకునేవాళ్లు. ఆ కాసేపే ఆమెకు భయం ఉండేది కాదు. అప్పుడు స్కూలంతా ఆమెలాంటిదే.

'ఆమెన్' అనగానే ఆ భయం మళ్లీ మొదలయ్యేది. రెండేళ్లుగా కళ్ల ముందు పాలు ఒలికినట్టు మసక. తన శనక్కాయల చేను ఉన్నచోట పరిచిన సోలార్ పలకల ధగధగ తెలిసేది గానీ, పిల్లల మొహాలు ఆనేవి కావు. ఒక ఊరి బిడ్డను ఇంకో ఊరి వ్యాన్ ఎక్కిస్తే? స్కూలు నడిపే ప్రార్థన మేడంకు తెలిస్తే పనిలో ఉంచుతుందా? అందుకే ఎక్కడా గోడ పట్టుకునేది కాదు. మెట్లను కాళ్లతోనే తడుముకుంటూ చకచకా నడిచినట్టు నటించేది.

అదృష్టం ఒక్కటే. ముక్కు తుడవడానికి గుడ్డ తీస్తే చాలు, ఏ బిడ్డైనా పేరూ ఊరూ గడగడా అప్పజెప్పేది.

"ఈ కాలం పిల్లోల్లకు ఎంత బుద్ధో సూడు నాగరాజా!" అని వ్యాన్ డ్రైవర్ దగ్గర మెచ్చుకునేది. అతడు మీసాల్లో నవ్వుకునేవాడు.

ఆ రోజు ప్రేయర్ కాగానే మేడం, "సుబ్బక్కా, సాయంత్రం ఆఫీసు రూముకు రా" అన్నది.

ఆ కంగారులో ఎల్‌కేజీ పిల్ల అక్షత కుడి బూటు ఎడమ కాలికి తొడిగింది. ఆ పిల్ల కిక్కురుమనకుండా కుంటుకుంటూనే వెళ్లిపోయింది.

సాయంత్రం మేడం మెల్లగా చెప్పింది. "రేపు పావగడలో కండ్ల క్యాంపు ఉండాది. నాగరాజ పిలుసుకొని పోతాడు. ఆపరేషన్ చేపిచ్చుకోని రా."

"నా కండ్లకేమైంది మేడం? సక్కంగ ఉండాయి!"

"నువ్వు గుడ్డ తీస్తే పేరూ ఊరూ చెప్పమని పిల్లోల్లకు ఎవురు నేర్పించినారనుకుంటివి? మేమందరం ప్రేయర్ అయిపోయినాక కూడా కండ్లు మూసుకోనే ఉండామనుకుంటివా సుబ్బక్కా?"

సుబ్బక్క ఇన్నాళ్లకు, ఎవరైనా చూస్తారేమోననే బెంగ లేకుండా, గోడ పట్టుకుంది.

"అట్లయితే మేడం... నాకు కండ్లొచ్చినాక పిల్లోల్లు పేర్లు సెప్పరా?"

మరునాడు ప్రేయర్ జరుగుతుండగానే వ్యాన్ ఆమెను ఎక్కించుకొని వెళ్లింది. అందరూ కళ్లు మూసుకొని ఉన్నారు.

ఎల్‌కేజీ గది తలుపు మేకుకు ఆమె ముక్కుగుడ్డ వేలాడుతోంది. ముక్కు కారుతున్న అక్షత దాని ముందు నిలబడి, మొహం పైకెత్తి, "అక్షత, అరసికెరె" అన్నది.