ఆషాఢంలో శ్రీలంక

శ్రీలంకలో కాండీ నుంచి తేయాకు కొండల మీదుగా కారులో తిరిగే దారిని వనజ మ్యాపు మీద ఎర్ర పెన్నుతో గీసింది. పెళ్లయి రెండు నెలలే. గుమ్మడిదల ఫ్యాక్టరీలో భర్త బాలరాజ్‌కు సెలవు దొరికేది ఏడాదికోసారి, ప్లాంటు ఆపే పది రోజులే. అవి ఆషాఢంలో పడ్డాయని ఇద్దరూ చూసుకోలేదు.

అత్త ముత్యమ్మ క్యాలెండర్ తిప్పి చూసింది.

"ఆషాఢంల కొత్త కోడలు పుట్టింట్ల ఉండాలె. ఎరుక లేదా?"

వనజ పెన్నుకు మూత పెట్టేసింది. "మర్శిపోయినం అత్తమ్మా."

ముత్యమ్మ మ్యాపు మీది ఎర్ర గీత వెంట వేలు జరిపింది.

"అత్తాకోడండ్లు ఒక్క గడప దాటొద్దు, గంతేనాయె. గా లంకల నా గడప ఏడున్నది? పోయి రాండ్రి. వచ్చినంక సక్కగ పుట్టింటికే పో బిడ్డా."

వనజ పెన్ను మూత తీసి, దారిలో ఇంకో జలపాతం కలిపింది.