ముట్టకుండా కొలిచే యంత్రం

మా కరెంటాఫీసు కొత్త ఇంజనీరుకి మేం పెట్టుకున్న పేరు కొలతల సారు. తీగను ముట్టకుండా, కింద నిలబడే దాని వోల్టేజీ, కరెంటు రెండూ చెప్పే యంత్రాన్ని తెప్పించింది ఆయనే. స్తంభమెక్కి తీగను పరీక్షించే మొరటు పద్ధతికి కాలం చెల్లిందని ఉపన్యాసం కూడా దంచాడు.

ప్రదర్శన రోజు పెద్ద అధికారి వచ్చారు. ఆయన నెత్తి మాడకూడదని తీగల దిగువన రేకుల పందిరి వేసి, యంత్రాన్నీ అందులోనే నిలబెట్టారు. లైను ఆపేశామని సబ్‌స్టేషన్ నుంచి కబురొచ్చింది. కొలతల సారు తెర వైపు చూసి చప్పట్లు చరిచాడు.

"వోల్టేజీ సున్నా! లైను చచ్చింది. ఇక ఎక్కమ్మా."

ఇరవై రెండేళ్లుగా స్తంభాలెక్కుతున్న, మేమంతా పెద్దక్క అని పిలిచే లైన్‌వుమన్ ఉన్నచోటు నుంచి కదల్లేదు.

"కింద ఇంకో అంకె ఉంది సార్. కరెంటు నూట నలభై అంటోంది."

"అదా... అది కాసేపట్లో సర్దుకుంటుంది."

"ట్యాంకు ఖాళీ అంటారు, కుళాయిలో మాత్రం ధారా? చచ్చిన లైనులో కరెంటు ఎలా పారుతుంది సార్?"

పెద్ద అధికారి కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆ విషయంలో ఆయన ఇచ్చిన అభిప్రాయం అంతే.

"యంత్రం కంటే నీకెక్కువ తెలుసా?" అన్నాడు కొలతల సారు.

"నాకేం తెలుసు సార్! తెలిసినవాళ్లు మీరే ముందు ఎక్కండి. నేను నిచ్చెన పట్టుకుంటా."

పెద్దక్క యంత్రాన్ని ఎత్తి, పది అడుగులు అవతల ఎండలో పెట్టింది. సున్నా ఉన్నచోట పదకొండు వేలు వెలిగింది. ఇనుప రేకులు అడ్డొచ్చేసరికి అంత గొప్ప యంత్రానికీ కరెంటే తప్ప వోల్టేజీ కనిపించలేదన్నమాట. ఫోన్ చేస్తే, సబ్‌స్టేషన్‌లో ఆపింది పక్క లైనని తేలింది.

కొలతల సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెద్దక్క చేతి తొడుగులు తీసేసి, గట్టు మీద కూలబడి, సీసాడు నీళ్లు గటగటా తాగింది.

వారం తిరిగేసరికి రెండు కాగితాలొచ్చాయి. ఒకటి, రేకుల కింద యంత్రం పనిచేయదని కనిపెట్టినందుకు కొలతల సారుకి ప్రశంసాపత్రం. రెండోది, అనుమతి లేకుండా యంత్రాన్ని ముట్టినందుకు సంజాయిషీ ఇమ్మంటూ పెద్దక్కకి మెమో.

"నేను దాన్ని ముట్టకపోతే నన్ను కరెంటు ముట్టేది" అని ఒకే వాక్యం రాసిచ్చింది పెద్దక్క.

భాష మర్యాదగా లేదని పెద్ద అధికారి దాన్ని తిప్పి పంపారు. వెనకవైపు తెల్లగానే ఉంది కదా అని, ఆమె ఆ కాగితం మీద మర్నాడు చేయాల్సిన పనులు రాసుకుంది.