మెడ బెల్టు

కొండయ్య లేవాలంటే ముందు తన తలను తానే లేపుకోవాలి. ఎడమచేత్తో జుట్టు పట్టుకుని, కుడి అరచేయి మెడ కింద పెట్టి, నిండు బిందెను ఎత్తినట్టు మెల్లగా ఎత్తుకుని కూర్చుంటాడు. పదిహేను నెలలుగా ఇదే వరస. కోర్టుకు వెళ్లాల్సిన ఆ రోజూ అలాగే లేచి, మంచం అంచున గడ్డం పైకెత్తి కూర్చుంటే, భార్య జీవమ్మ మెడ బెల్టు చుట్టి వెనక అతికించింది. అది ఒరుసుకుని మెడ పుండ్లు పడుతోందని, తన పాత ఆకుపచ్చ చీర చించి లోపల అస్తరు కుట్టింది కూడా ఆవిడే.

కొండయ్య ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇరవై ఏడేళ్లు అటెండరుగా చేశాడు. చెప్పుకోదగ్గ మనిషేం కాదు. గంట కొట్టేవాడు, క్లాసు క్లాసుకూ రిజిస్టరు తిప్పేవాడు, ఆదివారం చర్చిలో అందరికంటే ముందు వెళ్లి చాపలు పరిచేవాడు. "కొండయ్యా, నీళ్లు" అని ఎవరు ఏ మూల నుంచి అన్నా, మాట పూర్తికాకముందే మెడ అటు తిరిగేది, వెంటనే కాళ్లూ కదిలేవి. ఎవరిచేతా రెండోసారి పిలిపించుకోలేదన్నదే అతనికున్న ఒకే ఒక్క గొప్ప.

పోయినేడు కర్నూలు నుంచి అద్దె కారులో వస్తుంటే పాణ్యం దగ్గర గేదెలు అడ్డొచ్చాయి. కారు ఆగింది. వెనక వస్తున్న బేతంచెర్ల బండల లారీ ఆగలేదు. చుక్క రక్తం కారలేదు. తల వెనక్కి పోయి ముందుకొచ్చింది, అంతే. తెల్లారేసరికి మెడ కొయ్యబారింది. నంద్యాలలో ఎముకల డాక్టరు ఎక్స్‌రేను దీపం ముందు పెట్టి, "ఎముక బాగుందప్పా. కండరాలూ నరాలూ దెబ్బతిన్నాయి. అవి ఫోటోలో పడవు" అన్నాడు. ఫోటోలో పడని నొప్పిని ఎవరు నమ్ముతారు? కాలేజీ వాళ్లు మూడు నెలలు చూసి, నీళ్ల క్యాన్లు మోయగల ఇంకొకరిని పెట్టుకున్నారు. ఇక మిగిలింది లారీ ఇన్సూరెన్సు మీద వేసిన కేసొక్కటే.

నంద్యాల కోర్టు వరండాలో వకీలు గుమాస్తా జయప్రకాష్ అతన్ని పక్కకు పిలిచాడు.

"కొండయ్యన్నా, మెడ తిరుగుతాదా అని అడుగుతారు. అస్సలు తిరగదని చెప్పు."

"కుడికి తిరుగుతాది గదప్పా. ఎడమకైతేనే ప్రాణం పోతాది."

"అట్ల సగం సగం చెప్తే ఎవురూ నమ్మరన్నా. తిరగదంటే తిరగదు, అంతే."

కోర్టులో అటెండరు గుమ్మం దగ్గర నిలబడి మూడుసార్లు పేరు పిలవడం ఆనవాయితీ. కొండయ్య మొదటి పిలుపుకే పలికాడు. చెప్పిన పని చేయడమే తప్ప కాదనడం తెలియని మనిషి, బోనెక్కి దేవుని మీద ప్రమాణం చేసి, "తిరగదు సార్, ఏ పక్కకీ" అన్నాడు. అన్న క్షణం నుంచే చెవులు వేడెక్కాయి.

ఇన్సూరెన్సు వకీలు పెద్దగా ఏమీ అడగలేదు. బెల్టు తీయమన్నాడు. తీశాడు. కాలేజీలో ఏం పని అన్నాడు.

"నీళ్లు ఇస్తాంటి సార్. ఎవురు పిలిస్తే వాళ్లకు."

"సరే, దిగు."

కొండయ్య బెల్టు చేత పట్టుకుని దిగి నాలుగడుగులు వేశాడు. వెనక, ఎడమపక్క నుంచి, కాగితాలు తిరగేస్తూ వకీలు మామూలు గొంతుతో అన్నాడు.

"కొండయ్యా, నీళ్లు."

"ఆఁ, తెస్తాండా సార్" అంటూ తిరిగాడు. ఎడమకే తిరిగాడు. చెవి నుంచి భుజం దాకా నిప్పు పాకింది. అయినా చేయి అప్పటికే గ్లాసు కోసం చాచి ఉంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జి తలెత్తకుండా ఏదో రాసుకున్నాడు. కొండయ్య కళ్లలో నీళ్లు నిండాయి. నొప్పితో వచ్చాయో, దొరికిపోయినందుకు వచ్చాయో అతనికే తెలియలేదు.

బయట జీవమ్మ కూర్చున్న బెంచీ మీద కూలబడి, బెల్టు పక్కన పెట్టాడు.

"ఏందీ, అట్లుండావు?" అంది జీవమ్మ.

"దేవుని మీద ఒట్టేసి అబద్ధం చెప్పినా."

"నొప్పి నిజమే గదా."

"ఉన్నది ఉన్నట్టు చెప్పుంటే నమ్ముదురో ఏమో. ఇప్పుడు నొప్పి గూడా అబద్ధమైపాయ."

కేసు పోతుందన్న దిగులు తరవాత. ఇరవై ఏడేళ్లు తను ఏ పిలుపుకు గర్వపడ్డాడో, ఆ పిలుపే పదిమందిలో తన బట్టలూడదీసింది. ఆ సిగ్గుకు ఆమె ముఖం చూడలేక లేచి, గేటు వైపు నడిచాడు. జీవమ్మ వెంట నడిచింది.

"కొండయ్యా" అని వెనక నుంచి కేక వినిపించింది. కోర్టు అటెండరు. "కొండయ్యా, నీ బెల్టు ఈడ మర్చిపోతాండావు."

జీవమ్మ ఆగి వెనక్కి చూసింది. మొగుడి ముఖం చూసింది.

"కొండయ్యా."

మూడో పిలుపు కూడా అతనికి స్పష్టంగా వినిపించింది. తిరగలేదు. జీవమ్మ చేయి పట్టుకుని రోడ్డు దాటి, ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

అటెండరు కాసేపు చూసి, చేతిలోని బెల్టును తిరిగి బెంచీ మీదే పెట్టి లోపలికి వెళ్లాడు. అది అక్కడ విప్పారి పడి ఉంది, లోపలి ఆకుపచ్చ అస్తరు ఎడమవైపు మాత్రమే చెమటకు వెలిసి, నూలుపోగులు తేలి.