లాండ్రీ గదిలో నియాండర్తాల్

అమెరికాలో క్యారీ అనే ఊళ్లో తన వీధివాళ్లందరూ పొద్దున్నే చేసే పనులే త్రివేణీ చేస్తుంది. కాఫీ పెట్టుకుంటుంది, గురువారమైతే చెత్తడబ్బా రోడ్డు అంచుకి లాగుతుంది, లాండ్రీ గది తలుపు తట్టి లోపల పడుకున్న నియాండర్తాల్ మనిషిని లేపుతుంది. తరవాత లాప్‌టాప్ ముందు కూచుంటుంది.

ఆయన వచ్చి ఏడు నెలలైంది. వేల ఏళ్ల కిందట మన జాతి తొలి మనుషులకీ నియాండర్తాళ్లకీ పిల్లలు ఎలా పుట్టారో, ఆ వారసత్వం మనదాకా ఎలా వచ్చిందో చూపించే కంప్యూటర్ మోడల్‌ని త్రివేణి మొదటిసారి నడిపిన రోజు, ఇంటి వెనక చెట్లలోంచి నడిచొచ్చి చెక్క డెక్ మెట్ల మీద కూచున్నాడు. ముందుకు పొడుచుకొచ్చిన కనుబొమలు, చుబుకం లేని దవడ, పీపా లాంటి ఛాతీ. పక్కింటి చంద్రిక తన మొగుడి పాత షార్ట్స్ తెచ్చిచ్చింది. కాలనీ అసోసియేషన్ నుంచి ఓ ఉత్తరం వచ్చిన మాట నిజమే గానీ, అది చెత్తడబ్బా గురించి. ఇండియన్ స్టోర్‌లో ఆయన ఒక్కో చేత్తో రెండేసి బియ్యం బస్తాలు ఎత్తి కార్లలో పెడితే పిల్లలు "థాంక్యూ అంకుల్" అనేవాళ్లు.

త్రివేణికి తన పని మీద ధీమా ఎక్కువ. కానీ మోడల్ మొండికేసింది. ఇవాళ్టి మనుషుల్లో చాలామందికి నియాండర్తాళ్ల జన్యువులు నూటికి రెండు వంతులున్నాయి. తల్లి నుంచి మాత్రమే బిడ్డకొచ్చే భాగంలో మాత్రం వాళ్ల జాడే లేదు. త్రివేణి మోడల్ ఎన్నిసార్లు నడిపినా ఆ జాడ మిగిలిపోయేది. శుక్రవారం ఆఫీసులో రివ్యూ. అప్పటికి కుదరకపోతే ప్రాజెక్ట్ క్లోజ్, ఉద్యోగం పోతుంది, హెచ్‌వన్‌బీ వీసా మీద అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేదా మూటాముల్లే సర్దుకోవాలి.

"తప్పు ఒక్క లైన్‌లో ఉంది. పట్టేస్తా," అంది గురువారం, మధ్యాహ్నం భోజనానికి కంచాలు పెడుతూ. పొన్నూరు నుంచి మూడు వారాల కిందట వచ్చిన తండ్రి హనుమయ్య ఆ మాట వినలేదు. ఆయన చూపంతా నియాండర్తాల్ మీదే ఉంది.

హనుమయ్య కూచునేదాకా ఆ మనిషి నిలబడే ఉన్నాడు. గోంగూర పచ్చడి మొదటి ముద్దకే కళ్లు మూసుకున్నాడు. మారు వడ్డించబోతే మాత్రం కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు. తినగానే కంచం కడిగి, ఎవరూ చెప్పకుండానే కారుతున్న కొళాయి బిగించాడు.

"అమ్మా, ఇతను ఇల్లరికపు అల్లుడే," అన్నాడు హనుమయ్య.

"నీకెలా తెలుసు నాన్నా?"

"నచ్చినా రెండోసారి పెట్టించుకోడు. ఊరికే కూచుంటే మాటొస్తుందని పని వెతుక్కుంటాడు. మీ అమ్మావాళ్లింట్లో నలభై ఏళ్లు నేను చేసింది అదేగా."

త్రివేణి చేతిలో ముద్ద ఆగిపోయింది. మోడల్‌లో పెళ్లి గురించి ఆమె రాసింది ఒకే ఒక్క రూలు: పిల్ల మగవాడి గుంపులోకి వెళ్తుంది. అరనిమిషం కూడా ఆలోచించకుండా రాసేసింది. ఇంకెక్కడికి వెళ్తుంది పిల్ల? ఇల్లరికపు ఇంట్లో పుట్టి పెరిగి ఆ రూలు రాసినందుకు త్రివేణి సిగ్గుపడింది.

చెయ్యి కడుక్కుని వెళ్లి రూలు తిరగేసింది. ఇప్పుడు నియాండర్తాల్ మగవాళ్లే వచ్చి మన ఆడవాళ్ల గుంపుల్లో చేరుతున్నారు. వాళ్ల జన్యువులు పిల్లల్లో నిలిచాయి, తల్లి వైపు వరస మాత్రం మనదే. వెయ్యిసార్లు నడిపితే తొమ్మిది వందల పైచిలుకు సార్లు సరిగ్గా కుదిరింది.

శుక్రవారం రివ్యూలో డైరెక్టర్ కరోలిన్ ఆ ఫలితాల గ్రాఫ్‌ని చాలాసేపు చూసింది.

"ఎవరి ఐడియా ఇది?"

"మా నాన్నది."

"బయాలజిస్టా?"

"కాదు, అల్లుడు," అంది త్రివేణి.

లంచ్‌లోపే వీసా ఎక్స్‌టెన్షన్ కాగితాల మీద సంతకమైంది. త్రివేణి పార్కింగ్ లాట్‌లోకొచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

"నాన్నా, ఉద్యోగం నిలబడింది. నీ మాటతోనే. అత్తారిళ్లల్లో సర్దుకుపోయిన మగవాళ్ల వల్లే ఆ వారసత్వం మనదాకా వచ్చిందని మోడల్ చెబుతోంది."

పొన్నూరులో హనుమయ్యని పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. ఎవరికైనా ఆయన దమయంతి మొగుడు, కోమట్ల బజారు కొసన ఇల్లరికం వచ్చినాయన. నొచ్చుకున్నట్టు ఒక్కనాడూ కనపడలేదు గనక నొప్పి లేదనుకుంది త్రివేణి.

ఫోన్‌లో తండ్రి గొంతు వినపడింది. కూతురితో కాదు, పక్కనున్న నియాండర్తాల్ మనిషితో మాట్లాడుతున్నాడు.

"విన్నావటయ్యా? ఇన్నాళ్లూ మనల్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. మా అమ్మాయి వేసింది."