పాత కొలత

మీ కుక్క బరువెంత అని అడిగితే ఒక్కరూ తిన్నగా చెప్పరు. పది కిలోలుంటుందండీ అంటారు, పోయినేడాది పదిహేనుండేది అంటారు. ఒకాయన సిమెంటు బస్తాలో సగం ఉంటుందన్నాడు. తూకం మీద పెడితే అందులో సగం కూడా లేదు. జంతువుల ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ళుగా కుక్కలకూ పిల్లులకూ ఇంజెక్షన్లు ఇస్తున్నాను. ముందు తూకం, తర్వాతే సూది అని రోజుకు ముప్పైసార్లు చెప్తాను. చెప్పీ చెప్పీ నా గొంతంటే నాకే విసుగొచ్చింది.

మా ఇంట్లోనూ ఒక కుక్క ఉంది. పదకొండేళ్ళవాడు, ఒళ్ళంతా బొచ్చు. పేరు పోలీసు. కుక్కర్ కూత వేస్తే చాలు, మంచం కింద దూరతాడు. ఈమధ్య వెనక కాలికి పుండు లేచి ఎంతకీ మానలేదు. చీము పరీక్షకు పంపిస్తే మామూలు మందులేవీ పనిచేయవని తేలింది. ఇక మిగిలింది ఒక్క ఇంజెక్షనే. మంచి మందే కానీ మోతాదు మించితే కిడ్నీలను తినేస్తుంది. రోజుకొకటి చొప్పున ఏడు రోజులు ఇవ్వాలి.

ఆసుపత్రి గుమ్మం చూస్తేనే వాడు వణికిపోతాడు. అందుకని చీమూ రక్తమూ నేనే ఇంట్లో తీసి పట్టుకెళ్ళాను. కిడ్నీలు బాగున్నాయని రిపోర్టు వచ్చాకే డాక్టరమ్మ మందు రాసింది. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. బరువెంతక్కా అని అడిగింది. పన్నెండు అన్నాను. నేను చెప్పాక ఇంకా అడిగేదేముంది? రాసేసింది.

మొదటి రెండు రోజులూ సాయంత్రం డ్యూటీ దిగి నేనే ఇచ్చాను. పొద్దుటి నుంచి పరాయి కుక్కల వెంట తిరిగి ఒళ్ళు హూనమై ఇంటికొస్తే, నా ఒంటి మీది మందుల వాసనకే పోలీసు పరుగు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, అదే అయింది. రెండో రోజు మంచం కింది నుంచి బయటికి లాగి ఇస్తే వాడు ఒళ్ళంతా బిగబట్టుకుని గోడవైపు తిరిగాడు. ఆ తర్వాత నా చేతిలోది ముట్టలేదు. ఆ రాత్రి నాకూ ముద్ద దిగలేదు.

మూడో రోజు మా అత్తయ్యను అడిగాను. నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతున్న మనిషి, సూదికి భయపడే రకం కాదు. మా ఆయన బస్సు నడుపుతాడు, అంత పెద్ద బండిని ఇరుకు సందులో తిప్పుతాడు గానీ సిరంజి చూస్తే కళ్ళు తిరుగుతాయి. కాబట్టి మా ఇద్దరి మధ్యే తేలాలి.

ముందు దిండు మీద నేర్పాను. భుజాల మధ్య వదులు చర్మాన్ని రెండు వేళ్ళతో పైకి ఎత్తాలి, ఆ మడతలోకి సూది పోనివ్వాలి, వెంటనే మందు తోసేయకుండా సిరంజి కాస్త వెనక్కి లాగి చూడాలి. రక్తం కనిపిస్తే తీసేయాలి, లేకపోతే నిదానంగా ఎక్కించాలి. ఈ రోజు గుచ్చిన చోట రేపు గుచ్చకూడదు. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టబోతే మన వేలికే దిగుతుంది, నేరుగా రేకు డబ్బాలో వేసేయాలి. అత్తయ్య అన్నీ ఒక్కసారికే పట్టేసింది. తర్వాత నేను మందు ఎక్కించిన సిరంజిని వెలుగుకు పెట్టి, ఇంతే ఎక్కించాలని ఎలా తెలుస్తుందని అడిగింది.

బరువును బట్టి అన్నాను.

"ఎప్పుడు తూచావు?"

రెండేళ్ళ కిందట, టీకా వేయించినప్పుడని చెప్పాను. చెప్తుండగానే ఏదో తేడాగా అనిపించింది, కానీ అలసట మీద చిరాకొచ్చింది. మన పోలీసే కదా అత్తయ్యా, నాకు తెలీదా అన్నాను.

అత్తయ్య సిరంజి బల్ల మీద పెట్టేసింది. "పాత కొలత మీద నేను కొత్త బట్ట కొయ్యనమ్మాయ్."

మా ఆయన పొట్ట తగ్గించుకుంటానని కొన్న తూకం మిషను బీరువా వెనక ఉంది. దుమ్ము దులిపి తెచ్చాను. అత్తయ్య పోలీసును ఎత్తుకుని ఎక్కింది, అరవై రెండున్నర. వాణ్ణి దింపి ఒక్కతే ఎక్కింది, యాభై నాలుగు. మళ్ళీ ఎక్కమన్నాను. మళ్ళీ అదే వచ్చింది.

ఎనిమిదిన్నర.

బొచ్చులోకి చేతులు పెట్టి తడిమాను. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. నోరు తెరిచి చూస్తే వెనక పళ్ళు కదులుతున్నాయి. వాడు తినక వదిలేస్తుంటే వేషాలనుకుని పారేశానని అత్తయ్య మెల్లగా చెప్పింది. ఊళ్ళో కుక్కలన్నిటి నోళ్ళూ తెరిచి చూసే దాన్ని, ఇంట్లో కుక్క నోరు ఎన్నాళ్ళుగా చూడలేదో నాకే గుర్తులేదు. తల కొట్టేసినట్టయింది.

డాక్టరమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎన్ని డోసులు పడ్డాయంది. రెండన్నాను. ఈ రోజుది ఆపేసి, నీళ్ళు బాగా తాగించి, పొద్దున్నే రక్తం తెమ్మంది. ఫోన్ పెట్టబోతూ, "ఈసారి కుక్కను కూడా తీసుకురా అక్కా," అంది. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

రిపోర్టులో కిడ్నీల అంకె కొంచెం పెరిగింది. ఏడు డోసులూ అలాగే పడి ఉంటే చేతుల్లోంచి జారిపోయేవాడని డాక్టరమ్మ అంది. చర్మం కింద సెలైన్ పెట్టమంది. రోజూ సాయంత్రం అత్తయ్యే పెట్టింది, పోలీసు ఆవిడ ఒళ్ళో కళ్ళు మూసుకుని పడుకునేవాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని. నాలుగో రోజుకు అంకె దిగింది. కొత్త బరువుకు కొత్త మోతాదు రాశారు. వారం దాటాక వాడు వచ్చి నా పాదం వాసన చూసి, పారిపోకుండా అక్కడే కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కోటు గుడ్డ అత్తయ్య చేతికిచ్చాను. ఆవిడ కత్తెర తీసి, మళ్ళీ పక్కన పెట్టింది. ఇటు రా అంది. పుస్తకంలో నా కొలత ఉంది కదా అన్నాను.

"నాలుగేళ్ళుగా దాంతోనే కుడుతున్నా. ఇంటి మనిషివే కదా అని."

టేపు నా నడుం చుట్టూ తిప్పి చూసింది. వదిలేసి మళ్ళీ తిప్పింది.

"నాలుగంగుళాలు తగ్గావు."

బాగానే ఉన్నానని చెప్పబోయాను. పద్దెనిమిదేళ్ళుగా అడిగినవాళ్ళందరికీ చెప్పే మాటే అది. కానీ టేపు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

"అలసిపోయాను అత్తయ్యా," అన్నాను.