గాలం అర్జీ

చేప తినని మనిషి చేపల కోసం అర్జీ రాస్తున్నాడంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. మాలకొండయ్యకు వచ్చింది.

ఆంధ్ర, తెలంగాణ కలిసి ఒకే రాష్ట్రమై అప్పటికి రెండో ఏడు నడుస్తోంది. గిద్దలూరుకు మూడు మైళ్ళ అవతల, నల్లమల కొండల అడుగున రాచవంక చెరువు ఉండేది. దాని కింది ఊళ్ళో మాలకొండయ్యకు ఆరెకరాల మెట్ట. సజ్జ, ఆముదం వేసేవాడు, వాన బాగా పడితే బుడ్డలు, అంటే వేరుశనగ. పొద్దు వాలేసరికి ఎద్దుల్ని కొట్టంలో కట్టేసి, వెదురుకర్ర భుజాన వేసుకొని చెరువుకట్ట మీదికి పోవడం ఆయనకు ముప్పై ఏండ్ల అలవాటు. కొర్రమీను పడితే ఇంట్లో పులుసు. పడకపోయినా ఏమీ పోగొట్టుకున్నట్టు ఉండేది కాదు. నీళ్ళ మీద గాలం దారానికి కట్టిన జీలుగ బెండు నిలబడి ఉంటుంది, దాన్నే చూస్తూ కూర్చుంటాడు. పగలంతా నెత్తిన మోసిన గంపను ఎవరో చెయ్యేసి దించినట్టు ఉండేది.

ఆ ఏడు చెరువులో చేపలకు వేలం పెట్టారు. పాట పాడుకున్న కంట్రాక్టరు చెన్నయ్య ఎక్కడో బయటి ఊరివాడు. కట్ట మీద గుడిసె వేసి, కాశయ్య అనే మనిషిని కావలి పెట్టాడు. వల వేసినా గాలం వేసినా దొంగతనమేనని ఊళ్ళో దండోరా వేయించాడు. ఆ వారమే కాశయ్య మాలకొండయ్య చేతిలోని వెదురుకర్ర లాక్కొని, మోకాలికి ఆనించి రెండు ముక్కలు చేశాడు.

"నామీద కోపం పెట్టుకోవద్దు మామా. చెప్పింది చేయకపోతే నా కూడు పోతాది" అన్నాడు, ముక్కలు తిరిగి ఆయన చేతికే ఇస్తూ.

మూడోనాడు పొలానికి సైకిలు మీద రంగనాయకులు శెట్టి వచ్చాడు. గిద్దలూరు బజారులో గుడ్డల దుకాణం ఆయనది. పండక్కీ పబ్బానికీ పంచె కొన్నప్పుడు చూసిన మొహమే తప్ప మాలకొండయ్యకు పెద్ద పరిచయం లేదు. ఒకటి రెండుసార్లు తూము పక్కన తుమ్మచెట్ల చాటున కనిపిస్తే, గాలికి వచ్చాడేమో అనుకున్నాడు.

"మాలకొండన్నా, నీ కర్ర విరిచినారంట గదా. నాదీ విరిచినారు" అన్నాడు శెట్టి.

"నీకు కర్ర ఏంది శెట్టీ?"

శెట్టి చుట్టూ చూశాడు. చేనులో ఎద్దులు తప్ప ఎవరూ లేరు. "గాలానికే. ఏడేండ్ల నుంచి వేస్తున్నా."

"మీరు తినరు గదా."

"తినం."

"మరి పట్టింది ఏం చేస్తావు?"

"మళ్ళీ నీళ్ళలోనే వదుల్తా."

మాలకొండయ్య ఆ మనిషిని కిందినుంచి పైదాకా చూశాడు. నవ్వులాటకు అంటున్నట్టు లేదు.

శెట్టి సంచిలోనుంచి కాగితం తీసి చదివాడు. కలెక్టరు గారికి అర్జీ. రాచవంక చెరువులో వల హక్కు కంట్రాక్టరుదే, అందుకు తగవు లేదు. కానీ సొంతానికీ సరదాకూ ఒక కర్ర, ఒక గాలం వేసుకునేవాళ్ళను ఆపరాదు. తాతల కాలం నుంచి చెరువు అందరిదీ. అదీ సంగతి. కింద అప్పటికే పదిహేను ఇరవై వేలిముద్రలు ఉన్నాయి.

"నీ వేలు పడితే ఊళ్ళో మిగతావాళ్ళూ వేస్తారు" అన్నాడు శెట్టి.

మాలకొండయ్యకు చదువు రాదు. అయినా సంతకమంటే ఎట్ల ఉంటాదో తెలుసు. కాగితం చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పాడు.

"అన్నీ వేలిముద్రలే ఉన్నాయి. నీ సంతకం ఏదీ?"

శెట్టి మొహంలో రంగు మారింది. "నాది చివర్లో పెడతాలే."

"అట్లయితే నాదీ చివర్లోనే. ఈ కాగితం నాలుగురోజులు నాకాడ ఉంచి పో. మా బడిపంతులుతో చదివించుకుంటా."

"రేపే పంపాల. ఆలస్యమైతే పని జరగదు" అని శెట్టి కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఆ మడవడంలో తొందర కనిపించింది మాలకొండయ్యకు.

ఇంటికి పోయి భార్య కొండమ్మతో చెప్పాడు. ఆమె జొన్నరొట్టె తడుతూ విన్నది. "తిననోడికి చేప ఎందుకు? చెరువెందుకంటే ఒక అర్థముంది" అన్నది. "మీ వేళ్ళన్నీ వేయించుకొని, ఊరంతా నా పక్కే ఉందని చూపించి, వచ్చే పాటలో చెరువు తనే తీసుకుంటాడేమో. కంట్రాక్టరు పరాయోడు, ఎప్పుడో పోతాడు. శెట్టి ఎక్కడికి పోతాడు?"

ఆ మాట మాలకొండయ్య మనసులో ముల్లులా దిగింది. నడిచినప్పుడల్లా ఇంకొంచెం లోపలికి పోయింది. ఆ రాత్రే ఊళ్ళో పదిమందిని అర్జీకి వేలు వేయొద్దని ఆపాడు. అంతటితో ఊరుకోలేక శెట్టిమీద కన్నేసి ఉంచాడు.

ఒకరోజు తెల్లవారుజామున శెట్టి చెరువులోకి కలిసే వంక వెంబడి పైకి పోతుంటే, దూరంగా వెంబడించాడు. అక్కడ మడుగు ఉంది. అక్కడికి కావలి రాదు. శెట్టి చొక్కా విప్పి కొమ్మకు తగిలించి, ఎర్రను గుచ్చి గాలం వేసి కూర్చున్నాడు. చాలాసేపటికి చేయంత వాలుగ పడింది. శెట్టి దాన్ని నీళ్ళలోనే పట్టుకొని, ముల్లు తీసే తల్లిలాగా మెల్లగా గాలం ఊడదీశాడు. కాసేపు దాన్ని చేతుల్లో ఆడించి వదిలేశాడు. వదిలి, అది పోయినవైపు చూస్తూ ఒంటరిగా నవ్వుకున్నాడు.

ఇంకొకరైతే దానితో అనుమానం తీరేదేమో. మాలకొండయ్యకు పెరిగింది. అంత చేపను వదిలేసిన మనిషి దేన్ని పట్టుకుందామని చూస్తున్నాడో అనిపించింది.

ఆ తర్వాత నాలుగురోజులకు కంటపడింది అసలుది. మధ్యాహ్నం కట్ట కింద ఎద్దులకు నీళ్ళు తాపుతుంటే, కావలి గుడిసెలో శెట్టీ కాశయ్యా పక్కపక్కన కూర్చొని ఉన్నారు. ఇద్దరి తలలూ ఒక కాగితం మీద వంగి ఉన్నాయి. శెట్టి వేలుపెట్టి ఏదో చూపిస్తున్నాడు, కాశయ్య తల ఆడిస్తున్నాడు. కర్ర విరిచినోడూ, విరిపించుకున్నానని చెప్పినోడూ ఒకటే చాప మీద. ఇంక దాచేదేముంది అనుకున్నాడు మాలకొండయ్య.

శనివారం కంట్రాక్టరు వల లాగించడానికి వచ్చినప్పుడు మాలకొండయ్య పోయి అతని ముందు నిలబడ్డాడు.

"నీ కావలోడూ, బజారులో గుడ్డల శెట్టీ కలిసి నీ గుడిసెలో కాగితాలు చూస్తున్నారు. చెరువు మీద శెట్టి కన్నుంది. గాలమనేది వంక."

"శెట్టికి గాలమేంది?" అన్నాడు చెన్నయ్య.

"వేస్తాడు. పైన మడుగులో వేస్తాంటే నా కండ్లతో చూసినా."

చెన్నయ్య వలవైపు వంగాడు. వలలోనుంచి ఒక బొచ్చెచేప తీసి ఆయన చేతిలో పెట్టాడు. వద్దనలేక మాలకొండయ్య ఇంటికి తెచ్చాడు. ఎక్కడిదని కొండమ్మ అడిగితే జరిగింది చెప్పాడు.

ఆమె చేపను ముట్టుకోలేదు. "నేను ఇంట్లో అన్నా. పోయి వాని చెవిలో ఊదమన్నానా?" అన్నది.

ఆ చేప కుక్కల పాలయింది.

వారం తిరిగేలోపల కాశయ్య పొలం దగ్గరికి వచ్చాడు. చేతిలో కావలికర్ర లేదు. గట్టుమీద కూర్చొని ఒక మట్టిబెడ్డను నలిపాడు.

"పని పోయింది మామా. ఏదన్నా కూలి ఉంటే చెప్పు."

"ఏమైంది?"

"నాకు చదువు రాదు గదా. కంట్రాక్టరు నాకు ఒక కాగితం ఇచ్చిపోయినాడు, ఎవరన్నా అడిగితే చూపించమని. శెట్టి ఒకసారి ఇటు వచ్చి, చదివి చెప్తా ఇయ్యమన్నాడు. ఇచ్చినా. వేలం షరతులంట అవి. అందులోనే రాసుందంట, సొంతానికి గాలం వేసుకునేవాళ్ళకు అడ్డం చెప్పకూడదని. అక్కడ వేలుపెట్టి మూడుసార్లు చదివినాడు. నేను మీ కర్రలన్నీ ఉత్తపుణ్యానికే విరిచినా."

మాలకొండయ్య నాగలి మేడి పట్టుకొని అట్లనే నిలబడ్డాడు.

"ఈ చాడీ ఎవరు మోసినారో కంట్రాక్టరుకు మోసినారు" అన్నాడు కాశయ్య. "నన్ను ఎంటబెట్టుకొని శెట్టి దుకాణానికి పోయినాడు. బేరానికొచ్చిన ఆడోళ్ళు పదిమంది ఉన్నారు. శెట్టి వాళ్ళమ్మ రాజేశ్వరమ్మ గల్లాకాడ కూర్చొని ఉంది. ఆమె ముందర నాతో చెప్పించినాడు, మీ కొడుకు ఎర్రలు గుచ్చి చేపలు పడతాడమ్మా అని. ఆమె గల్లా వదిలి లేచింది. శెట్టిని ఇంటి వెనక బావికాడికి తీసకపోయి, తలమీద నీళ్ళు కుమ్మరించి, ఇంక చెరువు గట్టు తొక్కనని ఒట్టేయించుకుందంట. రెండుదినాలు అన్నం ముట్టలేదంట ఆ తల్లి. బజారులో పిల్లోళ్ళు గూడా జాలరి శెట్టి అంటున్నారు."

అప్పుడు తెలిసింది మాలకొండయ్యకు, అర్జీ మీద ఆ సంతకం ఎందుకు లేదో. కాగితం ఊళ్ళో ఎందుకు వదిలిపోలేదో గూడా తెలిసింది. బడిపంతులు చదివితే రాసినచేయి ఎవరిదో ఎవరో ఒకరు పట్టేస్తారు, ఆ మాట వాళ్ళమ్మ చెవిన పడుతుంది.

"ఎవరు చెప్పింటారు మామా?" అన్నాడు కాశయ్య, ఆయన మొహంలోకి చూస్తూ.

మాలకొండయ్య ఎద్దుల్ని అదిలించి సాలు మొదలుపెట్టాడు. మర్నాటినుంచి కలుపుకు రమ్మని మాత్రం చెప్పాడు.

అర్జీ అప్పటికే కర్నూలు చేరింది. నెలన్నరకు విచారణ పెట్టారు. ఆఫీసరు జీపులో వచ్చి కట్టమీద వేపచెట్టు కింద కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. పక్కన గుమాస్తా, ఎదురుగా ఊరి జనం. శెట్టి రాలేదు.

చెన్నయ్య చేతులు కట్టుకొని వినయంగా చెప్పాడు. "అయ్యా, దీన్ని రాసినోడు సంతకమే పెట్టలేదు. ఇదిగో, ఈ రోజు మొహం చూపించలేదు. మంచి పనే అయితే దాక్కోవడం ఎందుకు? వీళ్ళంతా చదువు రానోళ్ళు. దేనికి వేలు వేసినారో వీళ్ళకే తెలియదు."

"అర్జీ రాసిందెవరు?" అని ఆఫీసరు అడిగాడు. ఎవరూ పలకలేదు. వేలు వేసినవాళ్ళు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిజంగానే దేనికి వేశామోనన్న అనుమానం అప్పుడే పుట్టినట్టుంది. అది తాను నాటిన మొక్కేనని మాలకొండయ్యకు తెలుసు.

ఆయన లేచి నిలబడ్డాడు. "నేను మాట్లాడతా దొరా."

చెన్నయ్య నవ్వాడు. "వీని వేలిముద్రే లేదయ్యా అందులో. శెట్టి మోసం చేస్తున్నాడని నాకాడికి వచ్చి చెప్పింది గూడా వీడే. అందుకు నేనిచ్చిన చేప గూడా పట్టుకపోయినాడు."

జనం మొత్తం మాలకొండయ్యవైపు తిరిగింది. కాశయ్య చివర్న కూర్చొని ఉన్నాడు. వాడు మాత్రం తిరగలేదు. నేలవైపే చూస్తున్నాడు.

మాలకొండయ్య ఆఫీసరువైపు తిరిగాడు. "చెప్పినా దొరా. తప్పు చెప్పినా. అర్థం కానిదాన్ని మోసమనుకున్నా. ఆ శెట్టి ఇందులో అడిగింది నాకు తెలుసు, ఒక మనిషికి ఒక కర్ర, ఒక గాలం. అంతకు మించి ఏమీ లేదు. నా మాట నమ్మొద్దు. వేలం షరతుల కాగితం మీకాడ ఉంటాది గదా, అది చదివించండి."

"అది మా ఊళ్ళో ఉందయ్యా" అన్నాడు చెన్నయ్య గబగబా.

ఆఫీసరు గుమాస్తాను చూశాడు. గుమాస్తా కాగితాల కట్ట విప్పి, పేజీలు తిరగేసి, పదకొండో షరతు దగ్గర ఆగి చదివాడు. కాశయ్య చెప్పినట్టే ఉంది.

ఆఫీసరు గుమాస్తాకు అక్కడే ఉత్తరువు చెప్పాడు. తూము నుంచి అలుగు దాకా గట్టు గాలం వేసుకునేవాళ్ళకు వదలాలనీ, పొద్దు పొడిచినకాణ్ణుంచి పొద్దు కూకేదాకా మనిషికి ఒక కర్ర అనీ, అమ్మకం పనికిరాదనీ రాయించాడు. ఏ ఊరివాళ్ళు అన్నది షరతులో లేదు కాబట్టి ఏ ఊరివాళ్ళైనా రావచ్చన్నాడు. అప్పుడు మాలకొండయ్య ముందుకు పోయి, అర్జీ కింద మిగిలిన జాగాలో తన వేలు వేశాడు.

మర్నాడు గిద్దలూరు పోయాడు. దుకాణంలో శెట్టి ఎవరికో రవికగుడ్డ కొలుస్తున్నాడు. లోపల గల్లా దగ్గర రాజేశ్వరమ్మ కూర్చొని ఉంది. బేరం అయిపోయేదాకా మాలకొండయ్య అరుగు కింద నిలబడ్డాడు.

"శెట్టీ, తీర్పు మన పక్షానే వచ్చింది" అన్నాడు మెల్లగా.

"విన్నా."

"నేను చెప్పింది గూడా విన్నావా?"

"అది ముందే విన్నా." శెట్టి గుడ్డను మడతల మీద మడతలు పెడుతూనే ఉన్నాడు. "ఏడేండ్లు ఎవరికీ చెప్పలేదు. నీకొక్కనికే చెప్పినా. నువ్వు గూడా ఆ బెండును చూస్తూ కూర్చుంటావు గదా, నీకు తెలుస్తాదనుకున్నా."

మాలకొండయ్య అరుగు కిందనుంచి కదల్లేదు.

"ఏం కావాలంటాడో అడుగు నాయనా" అన్నది లోపల్నించి రాజేశ్వరమ్మ.

"ఏమీ వద్దంటమ్మా" అన్నాడు శెట్టి.

ఆ వానాకాలం చెరువు అలుగు పారింది. గిద్దలూరునుంచి, కంభం వైపునుంచి కూడా మనుషులు కర్రలు పట్టుకొని వచ్చేవాళ్ళు. పొద్దు వాలేసరికి గట్టు వెంబడి వరసగా కూర్చునేవాళ్ళు. కాశయ్య కూడా వచ్చేవాడు. మాలకొండయ్య పక్కనే కూర్చునేవాడు కానీ, చెప్పింది నువ్వేనా అని మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ అడగకపోవడమే మాలకొండయ్యకు బరువుగా ఉండేది.

మరుసటి ఏడు మాఘమాసంలో రాజేశ్వరమ్మ పోయింది. ఆ తర్వాత కొన్ని నెలలకు ఒక సాయంత్రం సైకిలు ఒకటి తూము దగ్గర ఆగింది. శెట్టి తుమ్మచెట్ల చాటుకు పోలేదు. అందరికీ కనపడేటట్టు గట్టుమీదే కూర్చున్నాడు, మాలకొండయ్యకు ఇరవై బారల దూరంలో. పలకరించలేదు. గాలం వేశాడు. కానీ బెండు మీద చూపు నిలవడం లేదు. మాటిమాటికీ తల తిప్పి, మాలకొండయ్య తనను గమనిస్తున్నాడా అని చూస్తున్నాడు.

లేచి ఆ పక్కకు పోవాలని మాలకొండయ్యకు ఉండింది. పోతే, మళ్ళీ దేనికొచ్చాడోనని శెట్టి అనుకుంటాడు. అందుకని కూర్చున్నచోటే కొంచెం పక్కకు జరిగి, శెట్టికి వీపు కనపడేటట్టు తిరిగి కూర్చున్నాడు. వెనక చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత నీళ్ళు ఒక్కసారి కొట్టుకున్నాయి. ఏదో పెద్దదే పడింది.

మాలకొండయ్య తిరిగి చూడలేదు.