గాజు అవతలి మాట

పది రోజులుగా రాజలింగం అడుగుతున్నది ఒకటే. "మీ అమ్మ ఏది బిడ్డా?"

నవత చెబుతూనే ఉంది. అమ్మానాన్నలు వలసొచ్చిన గోడాదరా పేటలో మరమగ్గాల షెడ్ల పక్కన పెరిగిన పిల్ల. చెవులు పోయిన మగ్గపోళ్లతో ఎలా మాట్లాడాలో ఆమెకు తెలుసు. తండ్రి వెనక నిలబడి, మాస్కు తీయకుండానే చెవికి నోరానించి అరిచింది.

"అమ్మ కరోనా వార్డుల సచ్చిపోయింది బాపూ! శవం గుడ ఇయ్యలే!"

ఆయన చెవి దులుపుకున్నాడు. "ఏంది గా గరగర?" చెప్పులేసుకుని మళ్లీ ఆస్పత్రి గేటు దగ్గరికి బయల్దేరాడు. రాసి చూపిద్దామంటే అక్షరమ్ముక్క రాదు. జ్వరం వచ్చిన ఇల్లని వాడకట్టంతా తలుపులు మూసుకుంది.

ఆయనకూ ఆ జ్వరమే వచ్చి తగ్గింది. ఆ మర్నాటి నుంచే ఇలా అయ్యాడు. ముప్పై ఏళ్ల మగ్గాల మోత చివరికి చెవులు తినేసిందనుకుంది నవత. చెవుల డాక్టరు మాత్రం చెవులు బాగానే ఉన్నాయని తేల్చి, మెదడు మీద పరిశోధన చేసే డాక్టర్ వినోద దగ్గరికి పంపాడు.

వినోద స్కాన్ చూపించింది. "మెదడులో రెండు వైపులా స్ట్రోక్ వచ్చింది. చప్పుడు వినిపిస్తుంది, మాట మాత్రం అర్థం కాదు. కుక్క మొరిగితే పోల్చుకుంటాడు. నువ్వు పిలిస్తే పోల్చుకోలేడు."

"నయమైతదా మేడమ్?"

"చెప్పలేను."

శబ్దం చొరబడని గాజు గదిలో రాజలింగాన్ని కూర్చోబెట్టారు. హెడ్‌ఫోన్‌లో నలభై మాటలు వినిపిస్తే ఒక్కటీ తిరిగి చెప్పలేదు. వినోద విసిగిపోయి మైకు ఆపింది. మాస్కు కిందికి లాగి, చాయ్ ఒక గుక్క తాగింది. "అబ్బ, చక్కెర కుమ్మరించారు!"

లోపలి నుంచి స్పీకర్లో నవ్వు వినిపించింది. "డాక్టరమ్మ చాయ్‌ల చక్కెర ఎక్కువైందట!"

వినోద చేతిలో కప్పు ఆగిపోయింది. ఆ గదిలోకి మాట వెళ్లే దారే లేదు.

"మగ్గాల మోతలో వీళ్లు ఎలా మాట్లాడుకుంటారు?"

"పెదవులు చూసి..." అంది నవత. ఇన్ని రోజులూ వెనక నుంచి, చెవిలోనే అరిచింది. ఆయన తన నోరు చూడనేలేదు.

"అయితే ఎదురుగా నిలబడి చెప్పు."

నవత చెయ్యి మాస్కు దాకా వెళ్లి ఆగింది. "రేపు చెప్త మేడమ్."

"నీ ఇష్టం. రేపు కూడా గేటు దగ్గరికే పోతాడు."

నవత గాజు ముందు నిలబడి మాస్కు దించింది. రాజలింగం కళ్లు వెలిగాయి. "బిడ్డా! మీ అమ్మ ఏది?"

నవత చప్పుడు లేకుండా పెదవులు కదిపింది. అమ్మ పోయింది బాపూ.

ఆయన మెల్లగా లేచి, తలుపు తీసుకుని బయటికొచ్చాడు. నవత ఇంకేదో చెప్పబోయింది. ఆయన ఆమె మాస్కు పైకి లాగి, ముక్కు దాకా కప్పి, దాని మీద అరచెయ్యి అలాగే అదిమి పట్టుకున్నాడు.